సైన్ ఎక్స్ బై ఎక్స్ గ్రాఫ్ ఖాళీగా ఎందుకు వచ్చింది: ఆక్టేవ్, మాట్‌ల్యాబ్ నేర్చుకునే క్రమం

మీరు అడిగిన ప్రశ్నలు మూడు. -10 నుంచి 10 వరకు సైన్ ఎక్స్ బై ఎక్స్ గ్రాఫ్ గీయబోతే కిటికీ తెరుచుకుని, అక్షాలు వచ్చి, లోపల గీత మాత్రం రాలేదని, తప్పు జరిగినట్టు సందేశం కూడా ఏదీ కనిపించలేదని, అలాంటప్పుడు పొరపాటును ఎలా వెతకాలని మొదట అడిగారు. ల్యాబ్ మాన్యువల్ వెనక ఉన్న పట్టికలోని కమాండ్లన్నీ కంఠస్థం చేయాలా అన్నది రెండోది. లెక్కలు చేసి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్‌లలో కాలేజీలో మాట్‌ల్యాబ్, ఇంట్లో ఆక్టేవ్ వాడుతున్నందువల్ల ఇబ్బంది వస్తుందా, త్రీడీ గ్రాఫుల జోలికి ఎప్పుడు వెళ్లవచ్చు అన్నది మూడోది. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ ల్యాబు చెబుతూ పద్దెనిమిదేళ్లు గడిపినవాడిగా నాకు తోచేది ఏమిటంటే, మీ ఖాళీ గ్రాఫును సరిగ్గా అర్థం చేసుకుంటే మిగిలిన రెండు ప్రశ్నలకు జవాబు చాలావరకు దానంతట అదే దొరుకుతుంది. అందుచేత దాన్నే పట్టుకుని నడుస్తాను.

ఒక సూచన ముందే చెప్పాలి. చదవడానికి వీలుగా కమాండ్ల పేర్లను, చలరాశుల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికినట్టుగా రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి. పెద్ద, చిన్న అక్షరాలను ఈ సాఫ్ట్‌వేర్‌లు వేరువేరుగా చూస్తాయి కాబట్టి పెద్ద ఎక్స్, చిన్న ఎక్స్ రెండు వేరు చలరాశులవుతాయి.

మాట్‌ల్యాబా, ఆక్టేవా అన్న విషయాన్ని త్వరగా ముగిస్తాను. మీ స్థాయిలో రాసే ప్రోగ్రాముల్లో దాదాపు అన్నీ రెండింటిలోనూ అక్షరం మార్చకుండా నడుస్తాయి, ఎందుకంటే ఆక్టేవ్‌ను మాట్‌ల్యాబ్ భాషకు అనుగుణంగానే రూపొందించారు. ఆక్టేవ్ ఉచితం, దాని మూలకోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది, కాబట్టి ఇంట్లో సాధన చేయడానికి నిస్సందేహంగా వాడండి. ఫ్రాన్స్‌లో పుట్టిన ఇలాంటి సాఫ్ట్‌వేర్ సైలాబ్ కూడా మంచిదే, కానీ అందులో 3.1416 అనే పై స్థిరాంకం పేరుకు ముందు శాతం గుర్తు పెట్టడం వంటి చిన్న చిన్న తేడాలు చాలా ఉన్నాయి. పరీక్ష మాట్‌ల్యాబ్ మీద ఉన్నప్పుడు మూడో వ్యాకరణాన్ని నెత్తిన వేసుకోవద్దని నా సలహా.

ఇక అసలు విషయం. మాట్‌ల్యాబ్ అన్న పేరు మాట్రిక్స్ ల్యాబొరేటరీ అన్న రెండు మాటల కుదింపు. 1970ల చివర్లో అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ అనే గణితాచార్యుడు, తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములు రాసే శ్రమ లేకుండానే లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్ అనే మాత్రికా గణిత సంకలనాలను వాడుకోగలగాలని దీన్ని తయారుచేశారు. వ్యాపార సంస్థగా మాత్‌వర్క్స్ 1984లో వచ్చింది. ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. ఈ భాషకు పుట్టుకతోనే మాత్రిక, అంటే సంఖ్యలను అడ్డువరుసల్లో, నిలువువరుసల్లో పేర్చిన పట్టిక, తెలుసు, మిగిలినవన్నీ తర్వాత వచ్చి చేరినవే. మీరు 5 అని టైపు చేస్తే అది దాన్ని ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస ఉన్న మాత్రికగా దాచుకుంటుంది. నక్షత్రం గుర్తు పెడితే మాత్రికల గుణకారమని, ఏటవాలు గీత పెడితే మాత్రికల భాగహారమని అనుకుంటుంది. సీ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చిన విద్యార్థి మాత్రం మనసులో విడివిడి సంఖ్యలను ఊహించుకుంటూ ఉంటాడు. మొదటి నెలలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ తేడాలోనే పుడతాయి.

మొదటిరోజు అవసరమయ్యే కమాండ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఎక్స్ = [1 2 3] అని రాస్తే అడ్డువరుస వస్తుంది, సంఖ్యల మధ్య సెమీకోలన్ పెడితే నిలువువరుస వస్తుంది. వాక్యం చివర సెమీకోలన్ పెడితే ఫలితాన్ని తెరమీద చూపించకుండా లోపల దాచుకుంటుంది, పెట్టకపోతే వేయి సంఖ్యలున్నా వరుసగా తెరమీద కుమ్మరిస్తుంది. పేరు పెట్టని ఫలితం ఆన్స్ అనే చలరాశిలోకి వెళుతుంది. ఇప్పటివరకు ఏయే చలరాశులు ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత పరిమాణంలో ఉందో హూస్ చెబుతుంది. క్లియర్ వాటిని తుడిచేస్తుంది, సీఎల్‌సీ తెరను మాత్రమే శుభ్రం చేస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియక, తెర ఖాళీ అయింది కదా అని పాత విలువలతోనే కొత్త లెక్క చేసేవాళ్లను ప్రతి బ్యాచిలోనూ చూస్తాను. హెల్ప్ అని రాసి పక్కన కమాండ్ పేరు రాస్తే వివరం వస్తుంది, పేరు గుర్తులేక పని మాత్రం తెలిసినప్పుడు లుక్‌ఫర్ అని రాసి ఆ పనికి సంబంధించిన ఇంగ్లీషు మాటను రాయాలి. వీటన్నింటికంటే ముఖ్యమైనది సైజ్. ఏ చలరాశినైనా సైజ్ అడిగితే అడ్డువరుసలు ఎన్ని, నిలువువరుసలు ఎన్ని అన్నది చెబుతుంది. మీకు చెప్పదలచుకున్న ఒక్క మాట ఇదే: గ్రాఫ్ గీయడానికి ముందు సైజ్ అడగండి.

ఎందుకో చెప్పాలంటే గ్రాఫ్ ఎలా పుడుతుందో చూడాలి. సైన్ ఎక్స్ అన్న ప్రమేయం గురించి ప్లాట్ అన్న కమాండ్‌కు ఏమీ తెలియదు. మీరు రెండు జాబితాలు ఇస్తారు, మొదటి జాబితాలోని ప్రతి సంఖ్యను రెండో జాబితాలో అదే స్థానంలో ఉన్న సంఖ్యతో జతచేసి బిందువు పెట్టి, పక్కపక్క బిందువులను స్కేలుతో కలిపినట్టు సరళరేఖలతో కలుపుతుంది. అంతకంటే అది చేసేది ఏమీ లేదు. మనకు వక్రంగా కనిపించేది నిజానికి చిన్న చిన్న గీతల గొలుసు. ప్లాట్‌కు ఒకే జాబితా ఇస్తే అడ్డంగా ఒకటి, రెండు, మూడు అని స్థానసంఖ్యలనే తీసుకుంటుంది. అక్షం మీద సెకన్లు ఉండాల్సిన చోట 201 వరకు అంకెలు కనిపిస్తే, మొదటి జాబితా ఇవ్వడం మరిచిపోయారని అర్థం.

జాబితా తయారుచేయడానికి రెండు పద్ధతులున్నాయి. 0:0.1:2*పై అని కోలన్లతో రాస్తే సున్నా నుంచి 0.1 చొప్పున నడుస్తూ 2పై దాటకుండా ఆగుతుంది. 2పై విలువ 6.2832 కాబట్టి 63 సంఖ్యలు వచ్చి, చివరిది 6.2 దగ్గర ఆగిపోతుంది. అక్కడ సైన్ విలువ సున్నా కాదు, -0.0831. గ్రాఫ్‌లో తరంగం చివర అక్షాన్ని తాకకుండా కొద్దిగా కిందనే ఆగినట్టు కనిపించేది అందుకే. లిన్‌స్పేస్(0, 2*పై, 200) అని రాస్తే రెండు చివరలూ కచ్చితంగా ఉంటాయి, మధ్య దూరాన్ని అదే లెక్కకట్టుకుంటుంది. అడుగు ఎంతో ముఖ్యమైన చోట కోలన్, చివరలు ముఖ్యమైన చోట లిన్‌స్పేస్ వాడాలన్నది నేను పాటించే నియమం. కోణాల విషయంలో ఒక హెచ్చరిక: సైన్(30) అంటే -0.9880 వస్తుంది, ఎందుకంటే అది 30ని రేడియన్లుగా తీసుకుంటుంది. డిగ్రీల్లో కావాలంటే సైండ్(30) అని రాయాలి, అప్పుడు 0.5 వస్తుంది.

ఇప్పుడు మీ ప్రోగ్రామును దగ్గరగా చూద్దాం. మీరు రాసింది ఇది:

ఎక్స్ = -10:0.1:10;
వై = సైన్(ఎక్స్)/ఎక్స్;
ప్లాట్(ఎక్స్, వై)

మొదటి వాక్యంతో ఎక్స్‌లో 201 సంఖ్యలున్న అడ్డువరుస తయారైంది. సైన్(ఎక్స్) కూడా 201 సంఖ్యల అడ్డువరుసే, ఎందుకంటే సైన్ ప్రతి మూలకానికీ విడిగా పనిచేస్తుంది. చిక్కు ఏటవాలు గీత దగ్గర వచ్చింది. మాత్రికల భాషలో ఒక అడ్డువరుసను అదే పొడవున్న మరో అడ్డువరుసతో భాగించడం అంటే, రెండోదాన్ని ఏ ఒక్క సంఖ్యతో గుణిస్తే మొదటిదానికి అతి దగ్గరగా వస్తుందో కనుక్కోమని, అంటే కనిష్ఠ వర్గాల పద్ధతిలో ఒక వాలును లెక్కకట్టమని. సాఫ్ట్‌వేర్ ఆ పనిని తప్పు లేకుండా చేసింది. వై విలువ చూడండి, 0.0224కు దగ్గరగా ఒకే ఒక్క సంఖ్య కనిపిస్తుంది. తర్వాత ప్లాట్‌కు 201 సంఖ్యల జాబితా, ఒక్క సంఖ్య అందాయి. అలాంటప్పుడు అది ప్రతి ఎక్స్ దగ్గరా విడివిడిగా ఒక్కో బిందువును పెడుతుంది. ఒంటరి బిందువుకు పక్కన కలపడానికి మరొకటి లేదు కాబట్టి గీత ఉండదు, బిందువుకు చుక్క గుర్తు పెట్టమని మీరు చెప్పలేదు కాబట్టి అదీ కనిపించదు. ఖాళీ గ్రాఫ్ వచ్చింది, తప్పు సందేశం రాలేదు. సందేశం రాకపోవడం న్యాయమే, మీరు అడిగిన లెక్కను అది చేసిపెట్టింది.

ప్లాట్ కంటే ముందు సైజ్(వై) అని ఒక్కసారి అడిగి ఉంటే 1, 1 అని వచ్చేది. 1, 201 రావలసిన చోట 1, 1 కనిపించగానే పొరపాటు రెండో వాక్యంలో ఉందని అర నిమిషంలో తెలిసేది.

సవరణ ఒక్క చుక్క. సైన్(ఎక్స్)./ఎక్స్ అని, భాగహారం గుర్తుకు ముందు చుక్క పెడితే మూలకానికి మూలకం చొప్పున భాగిస్తుంది. అలాగే రెండు జాబితాలను గుణించాలంటే చుక్క, నక్షత్రం. ఘాతానికి చుక్క, ఘాతం గుర్తు. టీ ఒక జాబితా అయినప్పుడు, ఘాతాంక ప్రమేయమైన ఎక్స్‌ప్‌తో ఎక్స్‌ప్(-టీ)*సైన్(టీ) అని రాస్తే ఆక్టేవ్ నాన్‌కన్ఫార్మెంట్ ఆర్గ్యుమెంట్స్ అని చెప్పి ఆగిపోతుంది, అంటే ఈ రెండు మాత్రికల పరిమాణాలు గుణకారానికి కుదరవని. ఆ సందేశంలోనే రెండింటి పరిమాణాలనూ రాసి చూపిస్తుంది, దయచేసి ఆ అంకెలను చదవండి. ఎక్స్ వర్గం కావాలని చుక్క లేకుండా రాస్తే, చతురస్ర మాత్రికకే అది కుదురుతుందని, మూలకాలకు కావాలంటే చుక్క పెట్టమని తనే సలహా ఇస్తుంది. ఒక సంఖ్యతో జాబితాను గుణించినా, జాబితాను ఒక సంఖ్యతో భాగించినా చుక్క అక్కరలేదు. కెపాసిటర్ చార్జింగ్ సమీకరణంలో కాలాన్ని ఆర్‌సీతో, అంటే నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధంతో, భాగించేటప్పుడు చుక్క లేకపోయినా నడిచేది, ఆర్‌సీ ఒకే సంఖ్య కావడం వల్లనే. తేడా గుర్తుండకపోతే అన్ని చోట్లా చుక్క పెట్టండి, సంఖ్యల విషయంలో దానివల్ల నష్టం లేదు.

సవరించిన తర్వాత వచ్చే గ్రాఫ్‌ను కూడా జాగ్రత్తగా చూడండి. మధ్యలో, శిఖరం మీద, గీత చిన్నగా తెగి ఉంటుంది. జాబితాలో 101వ సంఖ్య సరిగ్గా సున్నా, అక్కడ సున్నాను సున్నాతో భాగించినందువల్ల నాన్ అనే ప్రత్యేక విలువ వచ్చింది. సంఖ్య కానిది అని దాని అర్థం. ప్లాట్ నాన్ ఉన్నచోట బిందువు పెట్టదు, దాని ఇరుపక్కల గీతలూ గీయదు, కాబట్టి -0.1 నుంచి 0.1 దాకా ఖాళీ మిగిలింది. 201 బదులు లిన్‌స్పేస్‌తో 200 బిందువులు తీసుకుంటే సున్నా జాబితాలోకే రాదు కాబట్టి ఖాళీ మాయమవుతుంది, చాలామంది అక్కడితో సంతృప్తి పడతారు. కానీ అది సమస్యను తప్పించుకోవడమే అవుతుంది. అవధి విలువ ఒకటి అని మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివారు, దాన్నే ప్రోగ్రాములో చెప్పాలి: వై(ఎక్స్==0) = 1. ఎక్స్ సున్నా అయిన స్థానంలో వైని ఒకటి చేయమని దీని భావం. రెండు సమాన గుర్తులు పోల్చడానికి, ఒకటి విలువ ఇవ్వడానికి. దశాంశాలను ఇలా పోల్చడం అన్నివేళలా క్షేమం కాదు, 0.1+0.2==0.3 అని అడిగి చూస్తే సున్నా, అంటే కాదు అని వస్తుంది. ఇక్కడ మాత్రం జాబితాలో సున్నా కచ్చితంగా ఉంది కాబట్టి కుదిరింది.

అడ్డువరుస, నిలువువరుసల తేడా మరో ఉచ్చు. కోలన్‌తో చేసిన జాబితా అడ్డంగా ఉంటుంది, ఫైలు నుంచి చదివిన కొలతలు మామూలుగా నిలువుగా వస్తాయి. 201 సంఖ్యల అడ్డువరుసకు 201 సంఖ్యల నిలువువరుసను కలిపితే ఒకప్పుడు తప్పు అని చెప్పేది, ఇప్పుడు రెండు సాఫ్ట్‌వేర్‌లూ రెండింటినీ విస్తరించి 201 అడ్డువరుసలు, 201 నిలువువరుసలు ఉన్న మాత్రికను ఇస్తున్నాయి. మాట్‌ల్యాబ్‌లో ఈ మార్పు 2016లో వచ్చింది. దాన్ని ప్లాట్ చేస్తే 201 గీతలు రంగురంగులుగా తెరంతా అల్లుకుంటాయి. అలాంటి రంగుల చీర కనిపించినప్పుడు కూడా చేయవలసింది సైజ్ అడగడమే. ఒకదాని పక్కన ఒంటి కొటేషన్ గుర్తు పెడితే నిలువు అడ్డం అవుతుంది, సమస్య తీరుతుంది.

ఇంతవరకు చెప్పినవి తెరమీద చూడగానే తెలిసిపోయే తప్పులు. చూడడానికి అందంగా ఉండి అబద్ధం చెప్పే గ్రాఫులు ఇంకా ప్రమాదం, ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్, గరిష్ఠ విలువ సుమారు 325 వోల్టులు. దీన్ని గీయమని ఒకసారి ఇస్తే, ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు కదా అని ఒక విద్యార్థిని కాలాన్ని ఇలా తీసుకుంది:

టీ = 0:0.02:0.2;
వీ = 325*సైన్(2*పై*50*టీ);
ప్లాట్(టీ, వీ)

వచ్చిన గ్రాఫ్‌లో తరంగం లేదు, ఒక ఒంకరటింకర గీత కిందికి దిగుతోంది. వోల్టేజి క్షీణిస్తోందని ఆమె రికార్డులో రాసింది. నేను నిలువు అక్షం మూలన ఉన్న గుణకాన్ని చూపించాను. అది 10 ఘాతం మైనస్ 13. ప్రతి బిందువూ ఆవృత్తి మొదట్లోనే పడింది కాబట్టి అన్ని విలువలూ సున్నాయే, ఆ సున్నాల్లో కంప్యూటర్ లెక్కలోని అతి సూక్ష్మమైన మిగులును తెరకు సరిపడా సాగదీసి గ్రాఫ్ చూపించింది. అక్షాల హద్దులను తనంతట తాను నిర్ణయించుకోవడం ప్లాట్ స్వభావం. అందుకే ఏ గ్రాఫ్ చూసినా గీత ఆకారం కంటే ముందు అక్షం మీది అంకెలు చదవాలని ఆ రోజు నుంచి ప్రతి తరగతిలోనూ మొదటి గంటలోనే చెబుతున్నాను.

ఇప్పుడు మీరు అదే ప్రోగ్రాములో అడుగును 0.019 చేసి, 0.76 సెకన్ల దాకా గీయండి. నునుపైన, ఎంతో నమ్మదగినట్టున్న తరంగం వస్తుంది, రెండు పూర్తి ఆవృత్తులు, ఒక్కొక్కటి 0.38 సెకన్లు. అంటే సుమారు 2.6 హెర్ట్‌జ్. ఆ తరంగం లోకంలో ఎక్కడా లేదు. ప్రతి అడుగుకూ అసలు తరంగం ఒక ఆవృత్తిలో 0.95 వంతు ముందుకు వెళుతోంది, మనం చూసే బిందువులు మాత్రం 0.05 వంతు వెనక్కి జరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి. అందుకే ఆ దొంగ తరంగం పైకి బదులు కిందికి మొదలవుతుంది కూడా. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేదీ ఈ కారణంతోనే. సంకేతాల పాఠంలో దీన్నే ఏలియసింగ్ అంటారు. ఆవృత్తికి రెండు బిందువులకంటే ఎక్కువ ఉండాలన్నది సిద్ధాంతం చెప్పే కనీస హద్దు, కంటికి తరంగంలా కనిపించాలంటే 30, 40 అయినా ఉండాలి. ఈ ఉదాహరణలో అడుగు 0.0005 పెడితే ఆవృత్తికి 40 వస్తాయి. అనుమానం వచ్చినప్పుడల్లా అడుగును సగం చేసి మళ్లీ గీయండి. ఆకారం మారకపోతే నమ్మవచ్చు, మారితే మొదటిదాన్ని నమ్మకండి.

సంవర్గమాన అక్షాల మీద బిందువుల ఎంపిక మరోలా ఉంటుంది. 1 కిలో ఓమ్ నిరోధం, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్న లోపాస్ ఫిల్టర్‌కు (తక్కువ పౌనఃపున్యాలను పోనిచ్చి ఎక్కువవాటిని తగ్గించే సర్క్యూట్‌కు) 1 నుంచి లక్ష హెర్ట్‌జ్ దాకా స్పందన గీయాలనుకుందాం. లిన్‌స్పేస్‌తో 200 బిందువులు తీసుకుంటే అడుగు 500 హెర్ట్‌జ్ దాటుతుంది, కాబట్టి 1 నుంచి 100 దాకా, అంటే గ్రాఫ్ వెడల్పులో ఐదింట రెండు వంతుల్లో, ఉండేది ఒకే ఒక్క బిందువు. లాగ్‌స్పేస్(0, 5, 200) వాడితే బిందువులు సమానంగా సర్దుకుంటాయి. అందులో రాసేవి పది మీది ఘాతాలని గుర్తుంచుకోవాలి, లాగ్‌స్పేస్(1, 100000) అని రాస్తే పది ఘాతం లక్ష అడిగినట్టయి ఇన్ఫ్, అంటే అనంతం వస్తుంది. తర్వాత సెమీలాగ్‌ఎక్స్‌తో గీస్తే 1592 హెర్ట్‌జ్ దగ్గర వక్రం 3 డెసిబెళ్లు తగ్గి ఉండాలి, ఆపైన పదిరెట్లకు 20 డెసిబెళ్ల చొప్పున దిగాలి. డెసిబెళ్ల లెక్కలో లాగ్10 వాడాలి, ఊరికే లాగ్ అంటే సహజ సంవర్గమానం.

గ్రాఫ్ అలంకరణకు ఎక్కువ మాటలు అక్కరలేదు. ఎక్స్‌లేబుల్, వైలేబుల్, టైటిల్, గ్రిడ్ ఆన్, లెజెండ్ అనే ఐదింటిని అలవాటు చేసుకుంటే చాలు, కానీ అక్షం పేరుతోపాటు ప్రమాణాన్ని రాయకపోతే ఆ గ్రాఫ్‌ను నేను దిద్దకుండా వెనక్కి ఇస్తాను. కాలం అని రాస్తే సరిపోదు, సెకన్లా, మిల్లీసెకన్లా అన్నది ఉండాలి. ఒకే చిత్రంలో రెండు వక్రాలు కావాలంటే మొదటిది గీశాక హోల్డ్ ఆన్ రాయాలి, పని అయ్యాక హోల్డ్ ఆఫ్ రాయకపోతే తర్వాతి వక్రం కూడా అదే కిటికీలో వచ్చి పడుతుంది. ఫిగర్ కొత్త కిటికీ తెరుస్తుంది, సబ్‌ప్లాట్(2,1,1) ఒకే కిటికీని పైనా కిందా రెండు గళ్లుగా విడగొట్టి పై గడిని ఎంచుకుంటుంది. రికార్డులో అతికించడానికి తెరను ఫోన్‌తో ఫోటో తీయకండి, ప్రింట్ కమాండ్‌తో పీఎన్‌జీ ఫైలుగా దాచుకోండి.

ప్రయోగశాలలో కొలిచిన విలువలను గీసేటప్పుడు ఒక నిజాయితీ పాటించాలి. ఎనిమిది రీడింగులు తీసుకుని వాటిని గీతతో కలిపితే, మధ్యలో కూడా కొలిచినట్టు చూసేవాళ్లకు అనిపిస్తుంది. కొలతలను సున్నా గుర్తులతో, అంటే ప్లాట్‌లో మూడో విలువగా కొటేషన్లలో చిన్న ఓ అక్షరం ఇచ్చి, బిందువులుగానే చూపించాలి. కొలతలకు అతి దగ్గరగా వెళ్లే రేఖను పాలీఫిట్‌తో కనుక్కుని, లిన్‌స్పేస్ మీద పాలీవాల్‌తో లెక్కకట్టి, హోల్డ్ ఆన్ పెట్టి పైన గీయాలి. ఒకటో ఘాతపు బహుపదికి, అంటే సరళరేఖకు, పాలీఫిట్ ఇచ్చే రెండు సంఖ్యల్లో మొదటిది వాలు, రెండోది అంతరఖండం.

వాక్యాలు నాలుగు దాటగానే స్క్రిప్ట్ ఫైలులో రాసుకోవడం మంచిది. ఫైలు పేరులో ఖాళీలు, మధ్యగీతలు ఉండకూడదు, అంకెతో మొదలు కాకూడదు. మధ్యగీతను అది తీసివేతగా చదువుతుంది. ఎక్స్‌పరిమెంట్ అన్న మాటను కుదించి మొదటి మూడు అక్షరాలతో ఫైలుకు పేరు పెట్టడం మన ల్యాబుల్లో సర్వసాధారణం, కానీ అదే పేరుతో ఘాతాంక ప్రమేయం ఉంది కాబట్టి మీ ఫైలు దాన్ని కప్పేస్తుంది. చలరాశికి సమ్ అని పేరు పెట్టినా అంతే, ఆ తర్వాత సమ్(ఎక్స్) అన్నప్పుడు మొత్తం రాదు, ఇండెక్స్ గురించి అర్థంకాని ఫిర్యాదు వస్తుంది. క్లియర్ సమ్ అని రాస్తే అసలు ప్రమేయం తిరిగి దక్కుతుంది.

కంఠస్థం గురించి అడిగారు. అవసరం లేదు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున చేతితో టైపు చేస్తూ పని చేస్తే, పైన చెప్పిన పాతిక ముప్పై కమాండ్లు నెలరోజుల్లో వేళ్లకే వచ్చేస్తాయి, మిగిలినవాటికి హెల్ప్ ఉంది. దానికి బదులు మరో అలవాటు చేసుకోండి: ఎంటర్ నొక్కే ముందు, వచ్చే జవాబు పరిమాణం ఎంత ఉండాలో, విలువ ఏ ప్రాంతంలో ఉండాలో కాగితం మీద రాయండి. 10 కిలో ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్‌లు, 5 వోల్టులు ఇస్తే కాలస్థిరాంకం ఒక సెకను, ఒక సెకనుకు కెపాసిటర్ మీద 3.16 వోల్టులు ఉండాలని ముందే రాసుకున్నవాడు గ్రాఫ్ తప్పుగా వస్తే వెంటనే పట్టుకుంటాడు. ఆక్టేవ్ అన్న పేరు సంగీతంలోని స్థాయి నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో కెమికల్ రియాక్టర్ల రూపకల్పన పాఠ్యపుస్తకానికి తోడుగా 1988లో దీని ఆలోచన మొదలైంది, జాన్ ఈటన్ 1992లో పూర్తిస్థాయిలో రాయడం ప్రారంభించారు. తనకు పాఠం చెప్పిన ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అనే కెమికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడి పేరునే ఈటన్ దీనికి పెట్టుకున్నారు. చేతికందిన కాగితం ముక్క మీద చకచకా అంచనా లెక్కలు కట్టడంలో ఆ ఆచార్యుడికి గొప్ప పేరు.

ఇక త్రీడీ గ్రాఫులు. ఖాళీ గ్రాఫ్ ఎందుకు వచ్చిందో మీకు ఇప్పుడు అర్థమై ఉంటే రేపే మొదలుపెట్టవచ్చు. అక్కడ కొత్తది ఒక్కటే, జాబితాల స్థానంలో మాత్రికలు వస్తాయి. మెష్‌గ్రిడ్ అనే కమాండ్ నేలమీద గళ్లు పరిచి, ప్రతి గడి మూలకూ ఎక్స్ ఎంత, వై ఎంత అన్నది రెండు మాత్రికల్లో ఇస్తుంది. వాటి నుంచి ఎత్తుల మాత్రికను లెక్కకట్టి సర్ఫ్‌కు ఇస్తే ఉపరితలం వస్తుంది. మూడింటి సైజ్ ఒకటే ఉండాలి. -10 నుంచి 10 వరకు 0.1 అడుగుతో తీసుకుంటే 40,401 బిందువులవుతాయి, పాత ల్యాప్‌టాప్ మీద తిప్పి చూడడం బరువుగా ఉంటుంది కాబట్టి 0.5తో మొదలుపెట్టండి. మొదటి అభ్యాసంగా మీ ప్రమేయాన్నే తీసుకోండి: మూలబిందువు నుంచి దూరాన్ని ఆర్ అనుకుని, సైన్(ఆర్)./ఆర్ గీయండి. పెద్ద అంచున్న టోపీలాంటి ఉపరితలం వస్తుంది, నడినెత్తిన చిన్న చిల్లుతో సహా. ఆ టోపీ ఆక్టేవ్‌లోనే సిద్ధంగా ఉంది, సాంబ్రెరో అని రాసి ఎంటర్ నొక్కితే గీసి చూపిస్తుంది, దానికి చిల్లు ఉండదు. తర్వాత టైప్ సాంబ్రెరో అని రాస్తే దాన్ని గీసిన ప్రోగ్రాము తెరమీదికి వస్తుంది. అందులో ఆర్ లెక్కకట్టిన వాక్యం చివర ఎప్స్ అనే అతి చిన్న సంఖ్యను ఎందుకు కలిపారో చూసి, మీ మాటల్లో రాసి నాకు పంపండి.